చిన్న మానిటరింగ్ ఏజెంట్ సొంతంగా రాసుకుని సర్వర్లో పెట్టుకోవడం ఎలా

రెడీమేడ్ ఏజెంట్ పెట్టడం అయిదు నిమిషాల పని. ప్యాకేజీ దించుతాం, సర్వీస్ స్టార్ట్ చేస్తాం, డ్యాష్‌బోర్డ్‌లో గీతలు కదుల్తుంటే పనైపోయిందనుకుంటాం. తర్వాత ఒకరోజు మెషీన్ నత్తనడక నడుస్తుంటుంది, గ్రాఫ్‌లో చూస్తే సీపీయూ 25 శాతం దగ్గర చల్లగా కూర్చుని ఉంటుంది, ఇదేంటి ఇంత ఖాళీగా ఉంటే స్లో ఎందుకని పక్కవాళ్ళు అడుగుతుంటే నోట మాట రాదు. నాకు సరిగ్గా ఇదే జరిగింది, ఆ 25 దేన్ని దేంతో భాగిస్తే వచ్చిందో నాకు తెలీదు కాబట్టి రెండు గంటలు నెట్‌వర్క్ మీద అనుమానపడి తిరిగాను.

అందుకే నేను అడిగినవాళ్ళందరికీ చెప్పేది ఒకటే, ముందు ఒక చిన్న శాంపిల్ ఏజెంట్ మీరే రాసుకోండి, టెస్ట్ మెషీన్ మీద రెండ్రోజులు తిప్పండి, కావాలని పాడుచేసి చూడండి, ఆ తర్వాత రెడీమేడ్‌ది పెట్టుకోండి. రాసేది అరవై డెబ్భై లైన్లకి మించదు. కావాల్సింది ఒక లైనక్స్ మెషీన్ (వర్చువల్ మెషీన్ అయినా చాలు), పైథాన్ 3, సుడో పర్మిషన్. ఇక్కడ కమాండ్లూ ఫైల్ పేర్లూ ఫోన్లో పక్కవాడికి చదివి చెప్పినట్టు చెప్తాను, మీరు టెర్మినల్లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

ఏజెంట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మెషీన్ మీద కూర్చుని కొన్ని అంకెలు చదివి ఇంకో చోటికి అందించే చిన్న ప్రోగ్రాం, అంతే. అందించడంలో రెండు పద్ధతులున్నాయి, ఏజెంటే వెళ్ళి సర్వర్‌కి ఇచ్చి రావడం ఒకటి, సర్వరే వచ్చి అడిగి తీసుకెళ్ళడం ఇంకొకటి. జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లో రెండూ ఉన్నాయి, సర్వర్ అడగడానికి ఏజెంట్ 10050 పోర్ట్ మీద వింటుంటుంది, ఏజెంటే పంపాలంటే సర్వర్ 10051 మీద వింటుంటుంది. ప్రొమీథియస్ అనే ఇంకో మానిటరింగ్ సర్వర్‌ది మాత్రం అడిగి తీసుకెళ్ళే పద్ధతి. మన శాంపిల్‌కి నేను ఇదే తీసుకుంటాను, ఎందుకంటే ఏజెంట్ ఏం చెప్తుందో బ్రౌజర్లో తెరిచి మనమే చూసుకోవచ్చు, పైగా ఏజెంట్ చచ్చిపోతే అడగడానికి వచ్చినవాడికి వెంటనే తెలిసిపోతుంది.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి

లైనక్స్‌లో స్లాష్ ప్రాక్ అని ఒక డైరెక్టరీ ఉంటుంది. అందులో ఫైళ్ళు కనిపిస్తాయి గానీ అవి డిస్క్ మీద ఉండవు, మీరు తెరిచి చదివిన క్షణంలో కెర్నల్ అప్పటికప్పుడు రాసిస్తుంది. మనకి కావాల్సినవన్నీ దాదాపు అక్కడే ఉన్నాయి, వీటికి రూట్ పర్మిషన్ కూడా అక్కర్లేదు, మామూలు యూజర్ చదవొచ్చు. ఏజెంట్‌ని రూట్‌గా తిప్పమని ఎవరైనా చెప్తే ఎందుకో అడగండి.

ముందు సీపీయూ. క్యాట్ అని కొట్టి స్లాష్ ప్రాక్ స్లాష్ స్టాట్ అని ఇవ్వండి. మొదటి లైన్ సీపీయూ అనే మాటతో మొదలై పది అంకెలుంటాయి, వరసగా యూజర్, నైస్, సిస్టమ్, ఐడిల్, ఐఓవెయిట్, ఐఆర్‌క్యూ, సాఫ్ట్ ఐఆర్‌క్యూ, స్టీల్, గెస్ట్, గెస్ట్ నైస్. చూడగానే ఎక్కడా శాతం కనపడదు, అన్నీ లక్షల్లో కోట్లలో ఉంటాయి, ఎందుకంటే అవి మెషీన్ బూట్ అయినప్పట్నుంచి పోగవుతూ వస్తున్న లెక్క, ఒక్కో టిక్ సాధారణంగా సెకనులో నూరో వంతు. అంటే ఒక్కసారి చదివితే మీకేమీ తెలీదు, కారు మీటర్లో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసి ఇప్పుడెంత స్పీడులో పోతోందో చెప్పమన్నట్టు ఉంటుంది. రెండుసార్లు చదవాలి, తేడా తియ్యాలి.

లెక్క చేసి చూద్దాం. నాలుగు కోర్ల మెషీన్, పది సెకన్ల తేడాతో రెండుసార్లు చదివాం. ఒక్కో కోర్‌కి పది సెకన్లలో 1000 టిక్కులు, నాలుగింటికి మొత్తం 4000. తేడా తీస్తే ఐడిల్ 2960, ఐఓవెయిట్ 40 వచ్చాయనుకోండి, ఈ రెండూ పోగా పని చేసిన టిక్కులు 1000. 1000ని 4000తో భాగిస్తే 25 శాతం. ఇప్పుడు అదే ఫైల్లో కిందకి చూడండి, సీపీయూ0, సీపీయూ1 అని కోర్‌కొక లైన్ విడిగా ఉంటుంది. వాటికి కూడా ఇదే తేడా తీస్తే సీపీయూ2 ఒక్కటే 1000కి 1000 పనిచేసింది, మిగతా మూడూ గోళ్ళు గిల్లుకుంటున్నాయి. నా 25 శాతం కథ ఇదే. ప్రోగ్రాం ఒకే థ్రెడ్ మీద నడుస్తోంది, దానికున్న కోర్ పూర్తిగా నిండిపోయింది, యావరేజ్ తీసేసరికి నిండిన కోర్ కనపడకుండా పోయింది. కాబట్టి మీ ఏజెంట్ మొత్తం లైన్ ఒక్కటే కాకుండా కోర్లన్నిటివీ విడివిడిగా ఇవ్వాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఇక్కడే ఇంకో మూడు చిన్న గుంటలున్నాయి. ఐఓవెయిట్ అంటే సీపీయూ బిజీ అని కాదు, చేతిలో పని లేదు గానీ డిస్క్ నుంచి ఏదో రావాలని ఎవరో ఎదురుచూస్తున్నారని అర్థం, అందుకే పైన లెక్కలో దాన్ని ఖాళీ వైపు వేశాను. గెస్ట్ అనేది యూజర్లో ముందే కలిసి ఉంటుంది కాబట్టి టోటల్ తీసేటప్పుడు మళ్ళీ కలిపితే రెండుసార్లు లెక్కపెట్టినట్టు. స్టీల్ అంటే మీ వర్చువల్ మెషీన్‌కి రావాల్సిన సీపీయూని కింద ఉన్న హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లని నడిపేది) వేరేవాళ్ళకి ఇచ్చేసిందని, ఇది అదే పనిగా పెరుగుతుంటే మీ ప్రోగ్రాంలో తప్పు వెతకడం దండగ.

పీఎస్‌యుటిల్ అనే పైథాన్ లైబ్రరీ వాడితే ఈ చదవడాలన్నీ అదే చూసుకుంటుంది, బాగుంటుంది కూడా. కాకపోతే ఇంటర్వెల్ ఇవ్వకుండా సీపీయూ పర్సెంట్ అడిగితే మొదటిసారి 0.0 అని ఇస్తుంది, పోల్చడానికి దానికి ముందు రీడింగ్ లేదు మరి. తేడా లెక్క తెలీనివాళ్ళు అది బగ్ అనుకుంటారు.

మెమరీకి స్లాష్ ప్రాక్ స్లాష్ మెమ్‌ఇన్ఫో. ఇందులో మెమ్‌ఫ్రీ అనే లైన్ చూసి భయపడనివాళ్ళు లేరు, 16 జీబీ మెషీన్లో 300 ఎంబీ ఫ్రీ అని చూపిస్తుంది. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని లైనక్స్ ఊరికే ఉంచదు, చదివిన ఫైళ్ళని క్యాష్‌లో దాచుకుంటుంది, ఎవరైనా అడిగితే అప్పుడు వదుల్తుంది. మీరు చూడాల్సింది మెమ్‌అవైలబుల్, కొత్త ప్రోగ్రాములకి స్వాప్‌లోకి పోకుండా సుమారు ఎంత ఇవ్వగలదో కెర్నలే అంచనా వేసి చెప్పేది, కెర్నల్ 3.14 నుంచి ఉంది. ఫైల్లో కేబీ అని రాసి ఉంటుంది గానీ అది 1024తో గుణించాల్సిన కేబీ, 1000తో కాదు.

డిస్క్ దగ్గర కాస్త ఆగాలి. ఎంత నిండిందో తెలుసుకోడానికి పైథాన్లో ఓఎస్ మాడ్యూల్లో స్టాట్‌వీఎఫ్‌ఎస్ ఉంది, అందులో ఫ్రీ బ్లాకులు, అవైలబుల్ బ్లాకులు అని రెండు అంకెలొస్తాయి. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం రూట్ కోసం పక్కన పెడుతుంది కాబట్టి ఫ్రీ చూసి ఇంకా చోటుందనుకుంటే మీ అప్లికేషన్‌కి అప్పటికే నో స్పేస్ అని ఎర్రర్ వస్తుంటుంది, అవైలబుల్ తీసుకోండి. ఐనోడ్లు (ఫైల్‌కొకటి చొప్పున ఖర్చయ్యే ఎంట్రీలు) కూడా తీసుకోండి, చిన్నచిన్న ఫైళ్ళు లక్షల్లో పేరుకుంటే గిగాబైట్లు ఖాళీగా ఉండి కూడా ఒక్క ఫైల్ క్రియేట్ అవ్వదు. స్నాప్ ప్యాకేజీలు స్క్వాష్‌ఎఫ్‌ఎస్ కింద మౌంట్ అవుతాయి, అవి ఎప్పుడూ 100 శాతమే చూపిస్తాయి, టెంప్‌ఎఫ్‌ఎస్, ఓవర్‌లేతో పాటు వాటినీ లిస్టులోంచి తీసెయ్యండి, లేకపోతే మొదటి రోజే దొంగ అలర్టులు. అన్నిటికంటే ముఖ్యం, ఎన్‌ఎఫ్‌ఎస్ లాంటి నెట్‌వర్క్ డ్రైవులు ముట్టుకోవద్దు. అవతలి సర్వర్ పడిపోతే మీ ఏజెంట్ ఆ ఒక్క ప్రశ్న అడిగి అలాగే బిగుసుకుపోతుంది, కిల్ కొట్టినా ఒక్కోసారి కదలదు. లోకల్ ఫైల్‌సిస్టమ్‌లు చాలు.

డిస్క్ ఎంత చదువుతోంది రాస్తోంది అన్నది స్లాష్ ప్రాక్ స్లాష్ డిస్క్‌స్టాట్స్‌లో ఉంటుంది, సెక్టార్లలో ఇస్తుంది, డిస్క్ ఏదైనా ఇక్కడ సెక్టార్ అంటే 512 బైట్లే. నెట్‌వర్క్‌కి స్లాష్ ప్రాక్ స్లాష్ నెట్ స్లాష్ డెవ్, అందులో ఎల్‌ఓ అనే లూప్‌బ్యాక్‌ని వదిలెయ్యండి, డాకర్ ఉంటే దాని బ్రిడ్జిలూ వీఈటీహెచ్‌లూ కూడా, లేకపోతే ఒకే ట్రాఫిక్ రెండు మూడు చోట్ల లెక్కకొస్తుంది.

లోడ్ యావరేజ్ గురించి ఒక్క మాట. స్లాష్ ప్రాక్ స్లాష్ లోడ్‌యావ్‌జీలో మొదటి మూడు అంకెలు 1, 5, 15 నిమిషాలవి. లైనక్స్‌లో ఇది సీపీయూ కోసం క్యూలో ఉన్నవాళ్ళనే కాదు, డిస్క్ కోసం కదలకుండా నిద్రపోతున్నవాళ్ళని కూడా కలిపి లెక్కపెడుతుంది. సీపీయూ ఖాళీ, లోడ్ 40 అంటే ముందు స్టోరేజ్ వైపు చూడండి.

ఏజెంట్ రాయడం

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకుంటే కోడ్ సగం తగ్గిపోతుంది. తేడా తియ్యడం, శాతం లెక్కకట్టడం ఏజెంట్లో పెట్టొద్దు, పచ్చి అంకెలు అలాగే ఇచ్చెయ్యండి, లెక్క సర్వర్ చేసుకుంటుంది. అలా చేస్తే ఏజెంట్ పాత రీడింగులేవీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, థ్రెడ్లు అక్కర్లేదు, ఎవరైనా అడిగినప్పుడు ఫైళ్ళు చదివి లైన్లు ప్రింట్ చేస్తే చాలు. మెషీన్ రీబూట్ అయి కౌంటర్లు సున్నా నుంచి మొదలైనా ప్రొమీథియస్‌లో కౌంటర్ ఎంత వేగంగా పెరుగుతోందో లెక్కకట్టే రేట్ ఫంక్షన్ పసిగట్టి సర్దుకుంటుంది, మీరే రాసుంటే ఆ రోజు మైనస్‌లో ట్రాఫిక్ చూపించేది.

పైథాన్తో వచ్చే హెచ్‌టీటీపీ డాట్ సర్వర్ మాడ్యూల్ తీసుకోండి, బేస్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ హ్యాండ్లర్ నుంచి ఒక క్లాస్, అందులో డూ గెట్ అనే మెథడ్. స్లాష్ మెట్రిక్స్ అని అడిగితే పైన చెప్పిన ఫైళ్ళు ఒక్కోటి చదివి, ఒక్కో లైన్‌లో పేరు, ఒక స్పేస్, విలువ రాయాలి. పేర్లకి ఒక పద్ధతుంది, కొలత యూనిట్ పేర్లోనే ఉండాలి, పెరుగుతూ పోయే కౌంటర్ అయితే చివర అండర్‌స్కోర్ టోటల్ అని పెట్టాలి, టైమ్ సెకన్లలో, సైజు బైట్లలో. అందుకని సీపీయూ టిక్కుల్ని 100తో భాగించి సెకన్లు చేసి ఇవ్వండి, ఆ 100ని కూడా నేరుగా రాయకుండా ఓఎస్ డాట్ సిస్‌కాన్ఫ్ నుంచి క్లాక్ టిక్ తీసుకుంటే మంచిది. కోర్ నంబర్, మోడ్ (యూజర్, ఐడిల్ లాంటివి) రెండూ పేరు పక్కన ఫ్లవర్ బ్రాకెట్లలో లేబుల్స్‌గా వస్తాయి.

మూడు చోట్ల అందరూ తడబడతారు. చివరి లైన్ తర్వాత కూడా న్యూలైన్ ఉండాలి, లేకపోతే పార్సింగ్ ఎర్రర్. కంటెంట్ టైప్ హెడర్ టెక్స్ట్ స్లాష్ ప్లెయిన్ అని తప్పకుండా పంపండి, పాత వెర్షన్లు చూసీచూడనట్టు వదిలేసేవి గానీ ప్రొమీథియస్ 3 నుంచి ఆ హెడర్ లేకపోతే మామూలు సెట్టింగుల్లో స్క్రేప్ (సర్వర్ వచ్చి అంకెలు తీసుకెళ్ళడం) ఫెయిలే. మూడోది, ఒక్కో ఫైల్ చదివే భాగాన్ని విడిగా ట్రై ఎక్సెప్ట్‌లో పెట్టండి, డిస్క్ భాగంలో ఏదో తేడా వచ్చిందని సీపీయూ అంకెలు కూడా ఆగిపోకూడదు. ఫెయిలైన భాగానికి ఎర్రర్స్ టోటల్ అని ఒక కౌంటర్ పెంచండి, నోరు మూసుకుని మింగెయ్యొద్దు.

పోర్ట్ విషయానికొస్తే 9100 నోడ్ ఎక్స్‌పోర్టర్‌ది (ప్రొమీథియస్ వాళ్ళ రెడీమేడ్ ఏజెంట్), తర్వాత దాన్నే పెట్టుకుంటాం కాబట్టి వదిలెయ్యండి, నేను 9877 వాడాను, ముందు ఎస్‌ఎస్ కమాండ్‌కి మైనస్ ఎల్‌టీఎన్ ఇచ్చి ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. మొదట్లో 127.0.0.1 మీదే విననివ్వండి. రన్ చేసి ఇంకో టెర్మినల్లో కర్ల్‌తో లోకల్‌హోస్ట్ కోలన్ 9877 స్లాష్ మెట్రిక్స్ అని అడగండి, లైన్లు గడగడా పడాలి.

ఇంకో సంగతి, ఈ హ్యాండ్లర్ క్లాస్ ఎవరు అడిగినా ఒక లాగ్ లైన్ రాసేస్తుంది. 15 సెకన్లకోసారి అంటే రోజుకి 5760 లైన్లు, నిజంగా ఎర్రర్ వచ్చినరోజు అది ఆ చెత్తలో దొరకదు. లాగ్ మెసేజ్ అనే మెథడ్‌ని మీ క్లాస్‌లో ఖాళీగా మళ్ళీ రాసెయ్యండి, గోల వదుల్తుంది. నేను అంతకు ముందెప్పుడో రాసిన ఏజెంట్ ఒకటి ప్రతి శాంపిల్‌నీ సొంత ఫైల్లో రాసుకునేది, పాత లాగులు తీసేసే లాగ్‌రొటేట్ పెట్టలేదు, డిస్క్ నిండకుండా కాపలా కాయమని పెట్టిన మహానుభావుడే డిస్క్ నింపి కూర్చున్నాడు. కంచే చేను మేసినట్టు.

సర్వీస్‌గా పెట్టడం

స్క్రిప్ట్‌ని హోమ్ డైరెక్టరీలో ఉంచకండి, వేరే యూజర్‌తో నడిపితే పర్మిషన్ డినైడ్ వస్తుంది, స్లాష్ ఆప్ట్ కింద ఒక ఫోల్డర్‌లో పెట్టండి. స్లాష్ ఈటీసీ స్లాష్ సిస్టమ్‌డీ స్లాష్ సిస్టమ్ కింద పెర్ఫ్‌ఏజెంట్ డాట్ సర్వీస్ అని ఫైల్ చేసుకుని సర్వీస్ సెక్షన్‌లో ఎగ్జెక్‌స్టార్ట్‌కి పైథాన్ పూర్తి పాత్, స్క్రిప్ట్ పూర్తి పాత్ ఇవ్వండి. డైనమిక్‌యూజర్ యెస్ అని పెడితే యూజర్ అకౌంట్ విడిగా చేసే పని కూడా లేదు. రీస్టార్ట్ ఆల్వేస్, రీస్టార్ట్‌సెక్ 5. వీటి తర్వాత నాకు బాగా నచ్చేవి రెండు లైన్లు, సీపీయూకోటా 5 శాతం, మెమరీమ్యాక్స్ 64ఎం. ఏజెంట్‌కి పిచ్చెక్కినా మెషీన్‌ని మింగకుండా కట్టేసినట్టు. ఇన్‌స్టాల్ సెక్షన్లో వాంటెడ్‌బై మల్టీయూజర్ టార్గెట్ పెట్టకపోతే రీబూట్ తర్వాత అది లేవదు, ఇది మర్చిపోయి తల పట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డెమన్ రీలోడ్, ఆపైన ఎనేబుల్‌కి మైనస్ మైనస్ నౌ తగిలించి సర్వీస్ పేరు. లాగ్ చూడాలంటే జర్నల్‌సీటీఎల్ మైనస్ యూ, సర్వీస్ పేరు, మైనస్ ఎఫ్.

ప్రొమీథియస్ వైపు పని తక్కువే. దాని యామల్ ఫైల్లో స్క్రేప్ కాన్ఫిగ్స్ కింద కొత్త జాబ్ పేరు, టార్గెట్స్‌లో మెషీన్ ఐపీ, పోర్ట్. ట్యాబ్ కొట్టొద్దు, స్పేసులే. ఇంటర్వెల్ ఏమీ చెప్పకపోతే నిమిషానికోసారి అడుగుతుంది, దాంతో పాటు వచ్చే శాంపిల్ కాన్ఫిగ్‌లో 15 సెకన్లు ఉంటుంది, అదే ఉంచుకోండి. రీలోడ్ చేసే ముందు ప్రోమ్‌టూల్ చెక్ కాన్ఫిగ్ ఒకసారి కొట్టండి. ఏజెంట్‌ని ఇప్పుడు 127.0.0.1 మీంచి మెషీన్ ఐపీకి మార్చి, ఫైర్‌వాల్‌లో 9877ని ప్రొమీథియస్ సర్వర్ ఐపీకి మాత్రమే తెరవండి, మన సర్వర్ ఎంత నిండిందో దారినపోయేవాళ్ళందరికీ చెప్పక్కర్లేదు. 9090 పోర్ట్‌లో ప్రొమీథియస్ తెరిచి టార్గెట్స్ పేజీలో అప్ అని పచ్చగా కనపడితే అయినట్టే. రేట్ అడిగేటప్పుడు విండో స్క్రేప్ ఇంటర్వెల్‌కి నాలుగింతలన్నా ఇవ్వండి, 15 సెకన్లైతే 1 నిమిషం, విండోలో రెండు శాంపిళ్ళు కూడా పడకపోతే గ్రాఫ్ ఖాళీగా వస్తుంది.

ఇప్పుడు సరదా భాగం, పాడుచెయ్యడం. మెషీన్ మీద కావాలని లోడ్ వేసే స్ట్రెస్ ఎన్‌జీ పెట్టుకుని సీపీయూ 1, టైమవుట్ 120 సెకన్లు ఇవ్వండి, నాలుగు కోర్ల మెషీన్‌లో యావరేజ్ గీత 25 దగ్గర ఆగుతుంది, కోర్లవారీగా గీస్తే ఒకటి నూరుకి అంటుకుంటుంది (పని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి దూకితే ఆ గీతలు కూడా చేతులు మారుతుంటాయి, కంగారుపడొద్దు). పక్కన టాప్ తెరిచి 1 నొక్కి మీ అంకెల్తో పోల్చుకోండి. వీఎమ్‌స్టాట్‌తో పోలిస్తే మొదటి లైన్ వదిలెయ్యండి, అది బూట్ నుంచి యావరేజ్. ఫాలోకేట్‌తో రెండు జీబీల ఫైల్ పుట్టించి డిస్క్ గీత కదుల్తుందా చూడండి. ఏజెంట్‌ని కిల్ మైనస్ 9 కొట్టండి, అయిదు సెకన్లలో లేవాలి. చివరగా సర్వీస్ పూర్తిగా ఆపేసి ప్రొమీథియస్‌లో అప్ అనే మెట్రిక్ సున్నా అవుతుందా చూడండి.

మీరు పెట్టే మొట్టమొదటి అలర్ట్ ఆ సున్నా మీదే పెట్టండి, రెండు నిమిషాలు సున్నాగా ఉంటే మోగాలి. అంకెలు రాకపోతే మిగతా ఏ అలర్టూ మోగదు, అంతా ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది. సీపీయూ 90 దాటితే అలర్ట్ అని మాత్రం పెట్టొద్దు, రాత్రి బ్యాకప్ నడిచినప్పుడల్లా మోగి వారంలో అందరూ మ్యూట్ చేసేస్తారు. దాని బదులు స్లాష్ ప్రాక్ స్లాష్ ప్రెషర్ కింద ఉన్న అంకెలు తీసుకోవచ్చు, కెర్నల్ 4.20 నుంచి వచ్చాయి, కొన్ని డిస్ట్రోల్లో ఆఫ్ చేసి ఉంటాయి, సీపీయూ, మెమరీ, డిస్క్ కోసం పనులు ఎంతసేపు ఆగిపోయాయో నేరుగా చెప్తాయి. వాడకం ఎంతన్నది కాకుండా ఎవరైనా ఇబ్బంది పడ్డారా అన్నది.

రెండ్రోజులు ఇలా తిప్పాక దీన్ని ఆపేసి నోడ్ ఎక్స్‌పోర్టర్ పెట్టుకోండి, మనం చేసినవన్నీ ఇంకా బాగా చేస్తుంది. దాని మెట్రిక్స్ పేజీ తెరిస్తే ఇప్పుడు సగం లైన్లు తెలిసినవే కనిపిస్తాయి. మీ సొంత అంకె ఏదైనా కలపాలంటే, ఉదాహరణకి చివరి బ్యాకప్ ఎప్పుడైందో, టెక్స్ట్‌ఫైల్ కలెక్టర్ ఉంది, మీరు చెప్పిన డైరెక్టరీలో డాట్ ప్రోమ్ ఫైళ్ళు పెడితే చదివి కలుపుతుంది. నేరుగా ఆ ఫైల్లోకి రాయొద్దు, సగం రాసినప్పుడు అది వచ్చి చదివేస్తుంది, అదే డైరెక్టరీలో వేరే పేరుతో పూర్తిగా రాసి తర్వాత ఎమ్‌వీ తో పేరు మార్చండి. ఆ ఫైల్ చివరిసారి ఎప్పుడు మారిందో ఎమ్‌టైమ్ సెకండ్స్ అని ఒక మెట్రిక్ కూడా అదే ఇస్తుంది, దాని మీద కూడా ఒక అలర్ట్ పెట్టుకోండి, ఎందుకంటే మీ స్క్రిప్ట్ ఆగిపోయినా పాత ఫైల్ అక్కడే ఉంటుంది, నెల కిందటి అంకెని ఈరోజుదిలా చూపిస్తూనే ఉంటుంది.